చూడకూడని షాఫ్టు

కాలవ గట్టు రోడ్డులో ఉన్న పంపుల ఫ్యాక్టరీలో పెంకే తాతబ్బాయి మేస్త్రి ముప్పయ్యొక్క ఏళ్ళుగా లేత్ మిషను నడుపుతున్నాడు. ఇనపకడ్డీని బిగించి, తిప్పి, చెక్కి, పంపులో తిరిగే షాఫ్టుగా దించడం ఆయన పని. ఇన్నేళ్ళలో ఆయన చేసిన షాఫ్టు ఒక్కటి వెనక్కి రాలేదు. మాటలు మాత్రం ఏడాది పొడుగునా ఏరినా చేటెడు రావు.

డ్రాయింగులన్నీ ఒక ఇనప బీరువాలో ఉండేవి. ఒక్కో కాగితం మీద నూనె వేలిముద్రలు, టీ గ్లాసు అడుగుల గుండ్రాలు. బీరువాకి తాళం ఉండేది గాని తాళంచెవి దానికే వేలాడుతుండేది. కావలసినవాడు తీసుకునేవాడు, పనయ్యాక పెట్టేవాడు. ఇలా నలభై ఏళ్ళు ఒక్క కాగితం పోకుండా జరిగిపోయింది. అందువల్ల హైదరాబాదు ఆఫీసుకు అనుమానం వచ్చింది. నలభై ఏళ్ళుగా ఏమీ పోలేదంటే, పోయినా తెలియని స్థితిలో ఉన్నామన్నమాట అని వాళ్ళు తేల్చారు.

తేల్చి ఊరుకోలేదు. వస్తువు పుట్టిన దగ్గర నుంచి పాత ఇనప కొట్టుకు పోయేదాకా దాని బతుకంతా కంప్యూటర్లో దాచిపెట్టే సాఫ్టువేరు ఒకటి కొన్నారు. దానికి పొడుగాటి పేరేదో ఉంది. తెరిచినప్పుడల్లా తెర మీద ఒక చక్రం తిరుగుతూ ఉండిపోయేది కనుక ఫ్యాక్టరీలో అందరూ దాన్ని చక్రం అన్నారు. డ్రాయింగులన్నీ చక్రంలోకి వెళ్ళాయి. బీరువా పాత ఇనప కొట్టుకు వెళ్ళింది.

ఆ వెనకే హైదరాబాదు నుంచి హరనాథ్ గారు వచ్చారు. గుర్తింపులు, అనుమతుల ముఖ్య పర్యవేక్షకులు. మెడలో టై, చేతిలో లావుపాటి నిబంధనల పుస్తకం. ఫ్యాక్టరీ జనాన్నంతా చెట్టు నీడ కూడా లేనిచోట నిలబెట్టి ఆయన ఉపన్యసించారు.

"ఎవరు ఎవరో నిర్ధారణ కానిదే ఎవరికి ఏమి తగునో నిర్ణయింపజాలము. ముందు గుర్తింపు. పిదప గుంపు. ఆ పిదప అనుమతి. మీరు చెప్పినది చెప్పినట్లుగా చక్రములో నమోదు చేయబడును. అక్షరమైనను మార్చబడదు. మా సొంత అభిప్రాయము జోడింపబడదు."

"అంటే ఏంటంట?" అని వెనక ఎవరో అడిగారు.

"మనమెవరో మనమే చెప్పుకోవాలంట" అన్నాడు పక్కవాడు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆ ఊళ్ళ వైపు ఒక మర్యాద ఉంది. పెద్దవాళ్ళు అడిగినప్పుడు నాకు తెలుసు అని ఎవరూ అనరు. వెయ్యి విస్తళ్ళకు వండే వంటమనిషిని అడిగినా ఏదో ఉప్పూ కారం కలుపుతానండి అంటాడు. పది పుట్ల పొలం ఉన్నవాణ్ణి అడిగితే ఏదో గట్టుమీద తిరుగుతానండి అంటాడు. నాకు తెలుసు అన్నవాణ్ణి చూసి జనం మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వుకుంటారు. వాడింటికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడతారు.

క్యాంటీను ముందు బల్ల వేశారు. తాతబ్బాయి వంతు వచ్చింది. చేతులు గుడ్డతో తుడుచుకుని వెళ్ళి నిలబడ్డాడు.

"మీరు చేయు పని యేమి?"

"ఆయ్, ఏదోనండి."

"ఏదో అనగా?"

"ఏదో కడ్డీలు గీకుతుంటానండి. మీలాంటి పెద్దల దయ."

"పంపులను గూర్చి మీకు గల పరిజ్ఞానము?"

తాతబ్బాయి సిగ్గుపడిపోయాడు. "నాకేం తెలుసండి బాబూ."

హరనాథ్ గారు చెప్పింది చెప్పినట్టు ఎక్కించారు. పని: ఏదో. పరిజ్ఞానం: ఏమీ లేదు. ఆధారం: పెద్దల దయ.

మిగతా మేస్త్రీలు కూడా అలాగే చెప్పారు. ఒకరిని మించి ఒకరు తగ్గారు. పోతపోసే మేస్త్రి అయితే నేనసలు మనిషినే కాదండి అన్నాడు. అదీ ఎక్కింది. చివరికి ఫ్యాక్టరీ మేనేజరు చయనులు గారు వచ్చి కూర్చున్నారు. పంపుల ఇంజనీరింగులో రెండు పట్టాలున్న మనిషి.

"నాదేముందండి. అంతా దేవుడి దయ, కుర్రాళ్ళ కష్టం. నేను ఊరికే కుర్చీలో కూర్చుంటాను" అన్నారు నవ్వుతూ.

అదీ ఎక్కింది.

మర్యాదలు పట్టనివాళ్ళు ఫ్యాక్టరీలో ముగ్గురే. గేటు దగ్గర వాచ్‌మన్ అప్పలకొండ, "నా కళ్ళు కప్పి ఈగ కూడా లోపలికి రాదండి" అన్నాడు. టైమాఫీసులో మైకు ముందు కూర్చుని షిఫ్టు మార్పులు చదివే రత్నమాణిక్యం, "చెప్పడం నా వంతండి. వినడం వాళ్ళిష్టం" అంది. క్యాంటీను అబ్బులు అయితే బల్ల మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు.

"నేను లేందే ఈ ఫ్యాక్టరీ కదలదండి. పొద్దున్నే నా టీ పడాలి, అప్పుడు తిరుగుతాయి మిషన్లు. ఇక్కడ మంచీ చెడ్డా తేల్చేది నేనేనండి. నేను సరే అంటే సరే, కాదంటే పారబొయ్యడమే."

వాడు చెప్పింది సాంబారు గురించి. చక్రంలో సాంబారుకు గడి లేదు.

మర్నాడు గుంపుల పట్టిక గోడమీద అంటించారు. చూసే గుంపులో వాచ్‌మన్ అప్పలకొండ. చెప్పే గుంపులో రత్నమాణిక్యం. ఒప్పుకునే గుంపులో, అందరికంటే పైన, అబ్బులు. చేసే గుంపులో తాతబ్బాయి, తక్కిన మేస్త్రీలు. మేనేజరు గారు అతిథుల గుంపులో పడ్డారు. అతిథికి కుర్చీలో కూర్చునే హక్కు, నిబంధనల పుస్తకం చదువుకునే హక్కు ఉన్నాయి. ఆ రోజు నుంచి చయనులు గారు పొద్దున్నే గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో పేరు రాసి, ఎవరిని కలవాలి అన్న చోట ఎవరినీ కాదు అని రాసి లోపలికి వచ్చేవారు.

"ఏమీ తెలియనోళ్ళని మిషన్ల మీద పెట్టారేంటండి?" అని ఆయన హరనాథ్ గారిని అడిగారు.

"తెలియనివాడే చేయవలెను" అన్నారు హరనాథ్ గారు. "తెలిసినవాడు చేసినచో తెలిసినది బయటికి పోవు ప్రమాదము కలదు. చేయువాడు చూడరాదు. చూచువాడు చెప్పరాదు. చెప్పువాడు ముట్టరాదు. ఇదియే ప్రపంచమంతటను అమలులో నున్న పద్ధతి."

చయనులు గారు పుస్తకం చదువుకోవడానికి వెళ్ళిపోయారు.

ఆ సోమవారం ఊరి వాటర్ వర్క్స్‌లో పెద్ద పంపు షాఫ్టు విరిగింది. ఊరంతటికీ నీళ్ళెక్కించే పంపు అదొక్కటే. వాటర్ వర్క్స్ ఏఈ కొండలరావు గారు రెండు ముక్కలైన షాఫ్టుని గోనెపట్టాలో చుట్టి ఆటోలో వేసుకుని ఫ్యాక్టరీకి వచ్చేశారు.

"తాతబ్బాయి గారూ, ట్యాంకులో నీళ్ళు రేపటిదాకానే. ఎప్పటికిస్తారు?"

"సాయంత్రానికి చూద్దారండి" అన్నాడు తాతబ్బాయి. ఆయన భాషలో అది రాగిరేకు మీద రాసిచ్చినంత. వంగి గోనె ముడి విప్పబోయాడు. హరనాథ్ గారు అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"మీకు చూచు అనుమతి లేదు."

"డ్రాయింగు చూడ్డానికైతే అనుమతి కావాలేమోగాని, ఇది విరిగిపోయిన షాఫ్టేనండి" అన్నారు ఏఈ.

"డ్రాయింగు అనునది షాఫ్టు యొక్క బొమ్మ. బొమ్మనే చూడరాదని యున్నప్పుడు అసలును చూడవచ్చునా? మీరే సెలవివ్వండి."

ఏఈ మునిసిపాలిటీలో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆ తర్కం ఆయనకు ఇట్టే అందింది. "నిజమేనండి" అన్నారు.

విరిగిన షాఫ్టుని చూసే గుంపుకి, అంటే అప్పలకొండకి అప్పగించారు. వాడు దాన్ని గేటు గదిలో పెట్టుకుని తీరిక దొరికినప్పుడల్లా చూశాడు.

అయితే తాతబ్బాయి చేసే షాఫ్టు సంగతేమిటి? చేస్తూ చేస్తూ ఉండగా అది తయారవుతుంది కదా, తయారవుతుంటే కనపడుతుంది కదా. హరనాథ్ గారు దాని మీద రెండు గంటలు ఆలోచించి లేత్ మిషనుకి తెర కట్టమన్నారు.

"తిరిగే మిషను దగ్గర గుడ్డ పనికిరాదండి. లాక్కుపోద్ది" అన్నాడు తాతబ్బాయి. ఆ నెలలో ఆయన మాట్లాడిన పొడుగాటి మాట అదే.

తెర బదులు ప్లైవుడ్ చెక్క బిగించారు. చేతులు దూర్చడానికి రెండు కంతలు కోశారు. తాతబ్బాయి చెక్కకు ఇవతల నిలబడి, కంతల్లో చేతులు పెట్టి, గోడ మీద బల్లిని చూస్తూ పని మొదలుపెట్టాలి.

ఇక కొలతలు. ఎంత పొడుగు, ఎంత లావు అన్నది కంప్యూటరు తెర మీద చూడగలిగింది అప్పలకొండ. కాని వాడు చెప్పకూడదు. చెప్పగలిగింది రత్నమాణిక్యం. కాని ఆమె చూడకూడదు.

"రాసి ఇస్తానండి" అన్నాడు అప్పలకొండ.

"వ్రాయుట కూడ చెప్పుటయే."

"పోనీ నేను మైకులో ఒకటి, రెండు, మూడు అని వరసగా అంకెలు చదువుతానండి. సరైన అంకె రాగానే అప్పలకొండన్నయ్య తలూపుతాడు" అంది రత్నమాణిక్యం.

హరనాథ్ గారు పుస్తకం తిరగేశారు. చాలాసేపు తిరగేశారు. "వరుసగా చదువుట సమ్మతమే. కాని తల ఊపుట ఒప్పుకొనుట క్రిందికి వచ్చును. అది అబ్బులు గారి అధికార పరిధి."

అబ్బులు గారిని పిలిపించారు. వాడు పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాడు. రత్నమాణిక్యం మైకు అందుకుంది. "పొడుగు. ఒక అంగుళం. రెండు అంగుళాలు. మూడు అంగుళాలు." అప్పలకొండ తెర వైపు చూస్తూ, అసలు అంకె తెలిసి, నోరు బిగించుకుని కూర్చున్నాడు. పన్నెండు దాటేసరికి అబ్బులు వంటగది వైపు రెండుసార్లు చూశాడు. పద్నాలుగు దగ్గర పాలు పొంగిన వాసన వచ్చింది. వాడు తలూపేసి పరుగెత్తాడు.

పొడుగు పద్నాలుగు అంగుళాలు అని నమోదయింది. లావు అడిగినప్పుడు వాడు కిటికీలోంచే తలూపాడు. అంగుళమున్నర.

"మూడడుగుల పైన ఉంటాదండి ఆ షాఫ్టు" అన్నాడు తాతబ్బాయి నెమ్మదిగా.

"ఇది మీకెటుల తెలిసినది?" హరనాథ్ గారి కళ్ళు చిన్నవయ్యాయి. "మీకేమియు తెలియదని మీరే సెలవిచ్చి యున్నారు."

తాతబ్బాయి తల వంచుకుని మిషను దగ్గరికి వెళ్ళాడు. స్టోర్సు వాళ్ళు చక్రం చెప్పిన ప్రకారం పద్నాలుగు అంగుళాల కడ్డీ కోసి ఇచ్చారు. ఆయన కంతల్లో చేతులు పెట్టాడు. బల్లిని చూస్తూ, ఇనుము చేసే చప్పుడు వింటూ, వేళ్ళతో తడుముతూ చెక్కాడు. రెండు కొసలూ బేరింగుల కోసం సన్నగా దించాడు. నడుమ నునుపు తీశాడు. చూడకుండా చేసినా వెంట్రుకవాసి తేడా లేదు.

దాన్ని పళ్ళెంలో పెట్టి ఒప్పుకునే గుంపు దగ్గరికి తీసుకెళ్ళారు. అబ్బులు రెండు కొసలూ పట్టుకుని బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. మొహం వికసించింది.

"అబ్బో, చాలా బాగుందండి. నా చెక్క అప్పడాల కర్ర పగిలిపోయి నెలయ్యింది. పూరీలు గుండ్రంగా వస్తాయి దీంతో."

"అనగా అంగీకారమా?"

"అంగీకారమేనండి, నూటికి నూరు పాళ్ళు."

హరనాథ్ గారు మీట నొక్కారు. చక్రం తిరిగి తిరిగి ఆగింది. వాటర్ వర్క్స్ పెద్ద పంపు షాఫ్టు, అన్ని దశలూ దాటి, విడుదలయింది. సాయంత్రానికల్లా అది నాణ్యతా పత్రంతో సహా వాటర్ వర్క్స్‌కి చేరింది.

మంగళవారం ఊళ్ళో కుళాయిలు ఆగిపోయాయి.

తాతబ్బాయి కాపురం మేడమీద వాటాలో. కింద నుంచి ఇరవై రెండు మెట్లు. ఆయన భార్య మంగాయమ్మ, మేనత్త కూతురే, మోకాళ్ళ నొప్పుల మనిషి. బుధవారం పొద్దున్న ట్యాంకరు దగ్గర నాలుగు బిందెలు పట్టి, ఒక్కొక్కటే మోసి, నాలుగోది దించాక గుమ్మంలో కూలబడింది.

"మావా, ఊరంతా నన్ను చూసి నవ్వుతుంది. పంపులు చేసేవోడి పెళ్ళాం ట్యాంకరు కాడ నిలబడిందే అంటన్నారు. ఆ షాఫ్టేదో చేసి పారెయ్యరాదా?"

"చేశాను."

"మరి నీళ్ళేవి?"

"అది అప్పడాల కర్రయ్యింది."

మంగాయమ్మ మొగుడి మొహంలోకి చూసింది. ఆయన హాస్యమాడే మనిషి కాదు. "శుక్రవారం లోపు నీళ్ళు రాకపోతే నేను మా అన్నయ్యింటికి పోతాను. నా మోకాళ్ళు నన్ను మొయ్యటమే ఎక్కువ, మావా. కోపంతో అనట్లేదు" అంది.

కోపంతో అంటే ఆయన పట్టించుకునేవాడు కాదు. అలా మెల్లగా అనేసరికి అన్నం సయించలేదు.

ఆ మధ్యాహ్నమే ఏఈ కొండలరావు గారు అప్పడాల కర్ర పట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చారు.

"ఏంటండి ఇది?"

"మీ షాఫ్టు."

"ఇది పూరీలు చేసుకునేదండి."

"అటుల ఏ దస్త్రములోను లేదు" అన్నారు హరనాథ్ గారు. "చూచువారు చూచిరి. చెప్పువారు చెప్పిరి. చేయువారు చేసిరి. ఒప్పుకొనువారు ఒప్పుకొనిరి. నాలుగు గుంపులు ఏకగ్రీవముగా షాఫ్టు అనినదానిని మీరొక్కరు కాదనుచున్నారు. తమ పంపునే ఒకసారి సరిచూచుకొనరాదా?"

ఏఈ కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగారు. ఫ్యాక్టరీలో కూడా లేవన్నారు.

అప్పుడు చయనులు గారు అతిథి కుర్చీలోంచి దగ్గారు. పుస్తకం చదివే హక్కు ఆయనకొక్కరికే ఉంది గనుక చదివినవాడు కూడా ఆయనొక్కరే. "నలభై ఒకటో నిబంధనండి. ఒప్పుకునే గుంపు సిఫార్సు చేస్తే ఎవరినైనా రెండోసారి విచారించి గుంపు మార్చవచ్చునని ఉంది."

అబ్బులు క్షణం కూడా ఆలోచించలేదు. "ఏదండి, ఎక్కడ సంతకం? నాకీ ఒప్పుకోవడాలు వద్దండి బాబూ. వంకాయ కోసేలోపు ఆరుసార్లు పిలుస్తున్నారు. మేస్త్రీ, రేపు బల్ల ముందు నిలబడి నాకన్నీ తెలుసని ఒక్క ముక్క చెప్పు. చాలు."

"ఒక్క ముక్క" అన్నారు ఏఈ గారు కూడా, చేతులు జోడించినంత పనిచేసి.

తాతబ్బాయికి చెమటలు పట్టాయి.

సాయంత్రం మంగాయమ్మ ఆయన్ని గోడకు ఆనించి నిలబెట్టింది. తను కుర్చీలో హరనాథ్ గారిలా కూర్చుంది.

"చెప్పు. నీకేం తెలుసు?"

"ఏదోలే, మంగా."

"ఏదోలే కాదు. నాకు పంపులు తెలుసు, షాఫ్టులు తెలుసు. అను."

"నాకు..."

"ఆఁ, నాకు?"

"నాకు ఆకలేస్తుంది."

"మావా, నువ్వు అబద్ధం చెప్పట్లేదు గదా. ఉన్నదే చెప్తున్నావు."

"ఉన్నది చెప్పడమే కష్టం" అన్నాడు తాతబ్బాయి. "అబద్ధమైతే అబ్బులు చెప్పినట్టు చెప్పేద్దును."

దీపాలు పెట్టేవేళ దాకా అలాగే సాగింది. ఒకసారి "తె" దాకా వచ్చాడు. అక్కడి నుంచి నాలుక తిరగలేదు. మంగాయమ్మ ఖాళీ బిందె తెచ్చి ఆయన ముందు పెట్టి, దాని వైపు చూస్తూ ప్రయత్నించమంది. ఆయన బిందెలోకి వంగి "తెలుసు" అన్నాడు. బిందె పెద్దగా పలికింది. ఆయనే ఉలిక్కిపడ్డాడు.

గురువారం పొద్దున్న మళ్ళీ క్యాంటీను ముందు బల్ల వేశారు. ఫ్యాక్టరీ అంతా మూగింది. ఏఈ గారు వచ్చారు. హరనాథ్ గారు టై సర్దుకున్నారు.

"ఈ విచారణలో మీరు చెప్పునదే తుది. చెప్పినది చెప్పినట్లుగా ఎక్కును. పంపులను గూర్చి, షాఫ్టులను గూర్చి తమకేమి తెలియును?"

తాతబ్బాయి నోరు తెరిచాడు. బిందె గుర్తు తెచ్చుకున్నాడు. మంగాయమ్మ మోకాళ్ళు గుర్తు తెచ్చుకున్నాడు. ఎదురుగా టై కట్టుకుని, పుస్తకం పట్టుకుని, ఊరు కాని ఊరి నుంచి వచ్చిన మనిషి, చదువుకున్న మనిషి. ఆయన మొహాన నాకు తెలుసు అనడమా? ముప్పయ్యొక్క ఏళ్ళే కాదు, అంతకు ముందు తండ్రి, ఆయన తండ్రి నేర్పిన మర్యాద అంతా ఆ మాటకి అడ్డం పడింది.

"మీ ముందు నాకేం తెలుసండి బాబూ" అన్నాడు. "అంతా మీకే తెలుసు."

జనంలోంచి ఒక నిట్టూర్పు లేచింది. అబ్బులు నెత్తి కొట్టుకున్నాడు. ఏఈ గారు కళ్ళు మూసుకున్నారు.

హరనాథ్ గారు మాత్రం చెప్పింది చెప్పినట్టు ఎక్కించారు. ఎక్కించాక చక్రం ఒక ప్రశ్న వేసింది. అంతా తెలిసిన వ్యక్తి పేరు ఎంచుకొనుము. ఆయన ఒక క్షణం ఆగారు. ముప్పయ్యొక్క ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి అందరి ఎదుట అన్న మాట. కాదనడం ఆ మనిషిని అవమానించినట్టవుతుంది. పైగా మరీ అబద్ధం కూడా కాదేమో. చిన్నగా నవ్వి తన పేరు మీద నొక్కారు.

చక్రం తిరిగింది. చాలాసేపు తిరిగింది. ఆగాక తెర మీద అక్షరాలు వచ్చాయి. చదవడం చెప్పే గుంపు పని గనుక రత్నమాణిక్యం మైకులో చదివింది.

"హరనాథ్ గారు. పంపుల గురించి, షాఫ్టుల గురించి అంతా తెలిసినవారు. చూడవచ్చు. చెప్పవచ్చు. ముట్టవచ్చు. వాటర్ వర్క్స్ షాఫ్టు పని తక్షణం వీరికి అప్పగించడమైనది."

చయనులు గారు లేచి, ఎంతో గౌరవంగా, లేత్ మిషను వైపు చెయ్యి చూపించారు. "దయచేయండి."

హరనాథ్ గారు నడిచారు. వేరే దారి లేదు. మిషను ముందు నిలబడ్డారు. టై వదులు చేసుకున్నారు. మిషను చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"దీనికి... ఆన్ చేయునది ఎక్కడ?"

"మీకు తెలియంది ఏముందండి" అన్నారు మేస్త్రీలంతా ఒక్క గొంతుతో. వాళ్ళు మర్యాదకే అన్నారు.

ఆయన మిషనుకున్న చక్రం ఒకటి తిప్పారు. ఏమీ కాలేదు. ఇంకో పిడి లాగారు. నూనె చిమ్మి చొక్కా మీద పడింది. తెలియదు అందామంటే చెప్పింది చెప్పినట్టు ఎక్కుతుంది. ఎక్కితే అంతా తెలిసిన ముఖ్య పర్యవేక్షకుడు చేసే గుంపులో పడతాడు. ఆయన నుదుటి మీద చెమట నూనెతో కలిసింది.

"పంతొమ్మిదో నిబంధన ఒకటుందండి" అన్నారు చయనులు గారు పుస్తకంలో వేలు పెట్టి. "అనుమతి గల వ్యక్తి తన కన్నులను, తన చేతులను, తన నోటిని మరొకరి ద్వారా వినియోగించుకొనవచ్చును. పని మాత్రం అనుమతి గలవారి పేరనే నమోదగును."

హరనాథ్ గారు మునిగేవాడు ఒడ్డు చూసినట్టు చూశారు. "ఎవరి ద్వారానైననా?"

"ఎవరి ద్వారానైనానండి. ఏమీ తెలియనివాడైనా పర్వాలేదు."

ఆయన తాతబ్బాయి వైపు తిరిగారు. "నా కన్నులు, నా చేతులు ఇక మీవే" అన్నారు మెల్లగా.

"ఆయ్" అన్నాడు తాతబ్బాయి.

ప్లైవుడ్ చెక్క విప్పి పక్కన పెట్టాడు. గేటు గదిలోంచి విరిగిన షాఫ్టు తెప్పించుకుని, రెండు ముక్కలూ కలిపి పెట్టి, అటొకసారి ఇటొకసారి చూశాడు. మూడడుగుల రెండంగుళాలు. కడ్డీ బిగించాడు. మధ్యాహ్నం టీ వేళకి షాఫ్టు తయారయింది. అబ్బులు దాన్ని చూసి, "ఇది పూరీలకి పనికిరాదండి. అంచేత సరైందే అయ్యుంటాది" అని ఒప్పేసుకున్నాడు.

శుక్రవారం తెల్లారి ఆరున్నరకి కుళాయి ముందు బుసబుసమని గాలి వదిలింది. తర్వాత ఎర్రటి నీళ్ళు, ఆ తర్వాత తేటనీళ్ళు. మంగాయమ్మ కూర్చున్నచోటే బిందె నింపుకుంది. కింద వాటా ఆవిడ మెట్ల దగ్గర నిలబడి కేకేసింది.

"మంగాయమ్మగారూ, విన్నారా? హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాఫీసరు గారు సొంతంగా చేతుల్తో చేశారంట షాఫ్టు."

మంగాయమ్మ మొగుడి వైపు చూసింది. తాతబ్బాయి పళ్ళు తోముకుంటున్నాడు.

"అవునంటమ్మా" అన్నాడు.

పేపర్లో కూడా అలాగే వచ్చింది. మునిసిపాలిటీ వాళ్ళు హరనాథ్ గారికి శాలువా కప్పారు. చక్రంలో రాసి ఉంది కనుక ఎవరూ అనుమానించలేదు. హరనాథ్ గారు కూడా శాలువా మడిచి పెట్టెలో పెట్టుకునే సమయానికి కొంత నమ్మారు.

పది రోజులు పోయాక పక్క జిల్లాలో ఇంకో ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళకీ పంపు విరిగిందట. నీళ్ళు లేక జనం రోడ్డెక్కుతున్నారట. షాఫ్టు చేయగల హరనాథ్ గారినే స్వయంగా పంపవలసిందనీ, చైర్మన్ గారూ కౌన్సిలర్లూ ప్రజలూ చూస్తుండగా వారి స్వహస్తాలతో చేయించాలని తీర్మానించామనీ రాశారు. హైదరాబాదు ఆఫీసు వెంటనే సరేనంది. వచ్చే సోమవారం ముహూర్తం పెట్టింది. పరాయి ఊళ్ళో, పరాయి మిషను మీద, ఒంటరిగా.

హరనాథ్ గారు ఆ రోజంతా గదిలోంచి బయటికి రాలేదు. మర్నాడు పొద్దున్నే, షిఫ్టు మొదలయ్యే వేళకి, టై లేకుండా, పుస్తకం లేకుండా లేత్ మిషను దగ్గరికి వచ్చారు. నూనె డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నారు.

"మేస్త్రి గారూ, నాకు ఆరు రోజులే ఉన్నాయండి" అన్నారు. గ్రాంథికం ఎక్కడో జారిపోయింది. "మీరు చేస్తుంటే పక్కన కూర్చుని చూస్తాను. చూడనిస్తారా?"

తాతబ్బాయి ఆయన్ని ఒకసారి చూశాడు. నూనె మరక పడిన ఆ చొక్కానే వేసుకొచ్చారు. కడ్డీ బిగించాడు. మిషను ఆన్ చేయబోయి ఆగాడు.

"బాబూ, కాస్త ఇటు జరగండి" అన్నాడు. "వెలుతురుకి అడ్డం వచ్చారు."

హరనాథ్ గారు డబ్బాతో సహా జరిగారు.